ఇరవైమూడో పేరు

రాత్రి పదకొండుకు
బైరెడ్డిపల్లి దాటినాక ఒక రాగిచేలో
బోరు బండి నిలబెట్టి
నాలుగొందల అడుగులకు పోయినాము.
దుమ్ము. వట్టి తెల్ల దుమ్ము.
రైతు తలకు టవల చుట్టుకోని
గట్టు మీద కూర్చోని
మమ్మల్ని చూడనట్టే మమ్మల్నే చూస్తాండాడు.

కంప్రెసరు ఆపినప్పుడు
నా ఫోన్లో ఎవురో కోటాయన చెప్తాండాడు:
"ఈసారి మన అమ్మాయిల జట్టుకు లోతు పెరిగింది.
బెంచీ మీద మంచి కుర్రపిల్లలు ఉన్నారు."

లోతు అనే మాట వింటే
నాకు కడుపులో దేవినట్టవతాది.
ఈ జిల్లాలో అది మంచి మాట కాదు సార్.
మా తాత బావికి ముప్పై మెట్లు.
మా నాయన కాలానికి మున్నూరడుగులు.
ఇప్పుడు వెయ్యి దాటినా
పలమనేరు పక్క రాయి పలకదు.
లోతు అంటే అడుగుకు ఇంత అని అప్పు.
లోతు అంటే బ్యాంకులో కమ్మలు,
చెవులకు చీపురుపుల్లలు.

ఆ బెంచీ చివర కూర్చున్న పిల్ల
నా కూతురు, రెడ్డెమ్మ.
ఇరవైమూడు పేర్లలో ఇరవైమూడోది.
కొండకు మొక్కుకుంటే పుట్టింది.
పేరు మార్చుకోమ్మే అని కాలేజీలో అంటే
చొక్కా వీపున సరిపోతాది లే అనింది.

ఆట నేర్చింది మా షెడ్డు వెనక.
పగిలిన కేసింగు పైపులు రెండు పాతితే గోలు.
టమోటా బాక్సులు వరసగా పెట్టి
వాటి నడాన బంతిని పాము మాదిరి తిప్పేది.
పీటీ సారు ఖాదర్ బాషా
సైకిలుకు స్టాండేసి ఒకనాడు చానాసేపు నిలబడినాడు.
ఏమీ అనలేదు.
మర్నాడు బూట్లు తెచ్చినాడు, ఒక సైజు పెద్దవి.
ముందర గుడ్డ కుక్కి తొడిగింది.

మొన్న మ్యాచి దినం మా వీధంతా టీవీ ముందరే.
తొంబై నిమిషాలు.
పచ్చ జాకెట్టు వేసుకోని గీత పక్కన పరిగెత్తింది,
వచ్చి కూర్చునింది.
మళ్లా పరిగెత్తింది. మళ్లా కూర్చునింది.
టీకొట్టు శెట్టి అడిగినాడు, "ఆడిందా మునిరత్నం?"
"కూర్చునింది" అన్నాను.
ఇనప రాడ్డు ఎత్తినా వంగని మెడ
అప్పుడు కొంచెం వంగింది, అబద్ధమెందుకు.

రాత్రి ఫోను చేసింది.
ఏడస్తాదేమో అనుకుంటే నగతాండాది.
"నాయనా, డెబ్బయ్యో నిమిషంలో నేను లేచి ఉరికితి గదా,
నా జాగాలో ఆడే మణిపూరు అక్క
అంతవరకు నడస్తా ఉన్నింది.
నన్ను చూసి పళ్లు బిగపట్టి
వెనక్కి ఉరికి బంతి లాక్కొచ్చె.
ఆటయినాక నా నెత్తిన ఒకటి మొట్టి
నీ వల్లనే నా ప్రాణం పోయిందే అనింది."
కాసేపు మాట లేదు.
"అక్కకు మోకాలు నొప్పి నాయనా.
ఎవురికీ చెప్పలేదంట. నాకు చెప్పింది."

కోటాయనకు తెలుసో లేదో గాని
నాకు తెలిసిన లోతు ఇంగోటి ఉండాది.
రాయిని కోసేది బిట్టు ఒక్కటే.
అందురూ దాన్నే చూస్తారు,
దానికే పదును పెడతాము.
దాని మొదటి రాడ్డుతో అది పోయేది ఇరవై అడుగులు.
ఆపైన ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కల్ల,
ఎప్పుడూ రాయిని తాకని రాడ్లు.
బండి పక్కన వరసగా పండుకోని
తమ వంతు ఉండాదో లేదో తెలియని రాడ్లు.
కొన్ని బోర్లకు వాటితో పనే పడదు,
అయినా ప్రతి చేనికీ మోసకపోతాము.
మరలకు గ్రీసు పూసి.

ఏడొందల నలబై.
పైకొచ్చిన దుమ్ము పిడికిట్లో తీసుకోని
వాసన చూసినాను.
తడి అని చెప్పలేను. కాదనీ చెప్పలేను.
రైతు ఇప్పుడు నేరుగా నా మొకమే చూస్తాండాడు.

రేయ్ గోయిందూ,
ఆ చివరిది, ఇంకా రంగు పోనిది,
ఎత్తరా.